ఆరు పూటల కాగితం

జూన్ 27, బుధవారం, ఉదయం ఆరుంపావుకు దయాంగ్ జైతున్ తన ఇంటి మెట్ల మీద నుంచి పడింది. గుంజల మీద కట్టిన ఇల్లు అది; తొమ్మిది మెట్లు. పైనుంచి మూడో మెట్టు దగ్గర కుడికాలి చెప్పు జారిపోయింది. జారిన సంగతి కాలికి తెలియలేదు. నాలుగో మెట్టు మీద అడుగు పెట్టాననుకుంది. ఆ అడుగు గాలిలో పడింది.

ఆమెకు నలభై ఆరేళ్ళు. ప్రాథమిక పాఠశాల క్యాంటీనులో వంట చేస్తుంది. బరువు తగ్గడానికి పొట్టను కోసి చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని ఆ రోజుకు నాలుగు నెలల ఏడు రోజులు.

పడ్డప్పుడు ఆమె అరవలేదు. పక్కింటి ఇపా బట్టలు ఆరేస్తూ చూసింది.

"తున్! ఏమైందే? దెబ్బ తగిలిందా?"

"లేదు."

"మరి లేవవేం?"

"కాళ్ళు ఎక్కడున్నాయో తెలీట్లేదు."

ఇపా నవ్వింది. దగ్గరికొచ్చి కుడి చీలమండ చూసి నవ్వు ఆపింది. అక్కడ కొబ్బరిచిప్పంత వాపు లేస్తోంది. బకెట్టు అక్కడే వదిలేసి రేవుకేసి పరుగెత్తింది.

జైతున్ భర్త బోల్‌హసాన్ రేవులో ఉన్నాడు. ఇవతలి ఒడ్డు నుంచి కుచింగ్ పట్నంలోని బజారు ఒడ్డుకు మనుషుల్ని దాటించే పడవ అతనిది. అప్పటికి ముగ్గురు ఎక్కి కూర్చున్నారు. వాళ్ళను దింపి ఇంటికొచ్చాడు. వాపు మీద వేలు పెట్టి నొక్కాడు.

"ఇక్కడ నొప్పా?"

"ఏమో, బాంగ్," అంది జైతున్. మొగుణ్ణి అలాగే పిలుస్తుంది.

"ఏమో ఏంటే? నీ కాలేనా, పక్కవాళ్ళదా?"

ఇపా మొగుడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. ఇద్దరూ ఆమెను అందులో కూర్చోబెట్టి చెరోవైపు పట్టుకుని రేవు దాకా మోసుకెళ్ళారు. "ఇదివరకైతే నలుగురం కావాల్సొచ్చేది," అన్నాడు బోల్‌హసాన్. ఎవరూ నవ్వలేదు. జైతున్ కుర్చీ చేతులు పట్టుకుని నదిని చూస్తూ కూర్చుంది. భయం వేస్తుందేమోనని చూసుకుంది. వేయలేదు.

ఎనిమిదింటికి పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. వార్డు డాక్టర్ తియోంగ్ సీబు పట్నం నుంచి వచ్చిన మనిషి, ఐదు నిమిషాల్లో చెప్పాల్సింది ఐదు నిమిషాల్లో చెప్తుంది. ఆమె జైతున్‌ను నిలబడమంది. జైతున్ నిలబడింది. కళ్ళు మూసుకోమంది. మూసుకోగానే ఒరిగింది, నర్సు పట్టుకుంది. పడుకోబెట్టి, కొడితే మోగే రెండు కొమ్ముల ఇనుప కడ్డీని మంచం అంచుకు కొట్టి, బొటనవేలి మీద పెట్టింది.

"జుమ్మంటోందా?"

"లేదు."

చీలమండ మీద పెట్టింది. లేదు. పిక్క మీద ఎముకకు పెట్టింది. లేదు. మోకాలి చిప్ప మీద పెడితే జైతున్, "ఆ, ఇప్పుడు తెలిసింది," అంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"హరి రాయా పండగకి ముందు నుంచి. మొదట వేళ్ళు, తర్వాత పాదం."

"రాయా వెళ్ళి పన్నెండు రోజులైంది. ఎవరికీ చెప్పలేదేం?"

"నొప్పుంటే చెప్పేదాన్ని, డాక్టర్."

డాక్టర్ తియోంగ్ కడ్డీని కోటు జేబులో పెట్టుకుంది. నరాలు చచ్చుబడుతున్నాయని చెప్పింది. కారణం దొరికితే ఆపవచ్చు. ఎంత ఆలస్యమైతే నడక తిరిగొచ్చే అవకాశం అంత తగ్గుతుంది. కారణాలు మూడు ఉండొచ్చు: పాత షుగరు జబ్బు, వెన్నెముక, తిండి.

"తిండి ఎలా ఉంది?"

"రాస్తున్నాను, డాక్టర్. రోజూ రాస్తున్నాను."

బోల్‌హసాన్ కాగితాలు తేవడానికి ఇంటికి వెళ్ళాడు.

*

ఆ కాగితాలు ఇచ్చింది డైటీషియన్ ఇజ్జాతి. ముప్పై ఏళ్ళ మనిషి. సముద్రానికి అవతల ఉన్న పెరాక్ నుంచి బదిలీ మీద వచ్చి ఏడాదిన్నర అయింది. కుచింగ్ వాళ్ళు ఆ వైపు వాళ్ళందరినీ మలయా మనుషులంటారు. భాష ఒకటే. మాటలు అక్కడక్కడ వేరు.

ఫిబ్రవరి 20న ఆపరేషన్ జరిగింది. అప్పుడు జైతున్ బరువు నూట ఇరవై ఒక్క కిలోలు. మోకాళ్ళు పట్టేసి క్యాంటీనులో గంటకోసారి కూర్చునేది. రెండేళ్ళు వరుసలో వేచి చూశాక పేరు వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆమె పొట్ట అరటికాయంత. ఇజ్జాతి మంచం పక్కన కూర్చుని ఒక చిన్న పళ్ళెం, ఒక టీ చెంచా చేతికిచ్చి నియమాలు చెప్పింది. రోజుకు ఆరు పూటలు. ముందు మాంసకృత్తులు: గుడ్డు, చేప, టోఫు, పాలు. తర్వాత కూర. చోటుంటే అన్నం, అదీ చివర్న. ముద్ద ముద్దకూ ఇరవైసార్లు నమలాలి. తిండికి అరగంట ముందూ అరగంట తర్వాతా నీళ్ళు తాగకూడదు. మొదటిసారి నిండినట్టనిపించగానే చెంచా కింద పెట్టాలి. పొద్దున్నే నమిలే విటమిన్ మాత్ర ఒకటి, బతికినన్నాళ్ళూ.

"ఆకలి వేయదు, కాక్ తున్," అంది ఇజ్జాతి, అక్కా అన్నట్టు. "ఆకలి పుట్టించే భాగం తీసేశారు. అందుకని ఆకలి కోసం చూడకండి. గడియారం చూసి తినండి."

కాగితం మీద రోజుకు ఆరు గడులు. ఒక్కో గడిలో ముందే అచ్చు వేసి ఉంది: ఏడింటికి గుడ్డు ఒకటి, పదింటికి పాలు అర కప్పు, ఒంటిగంటకు చేప నాలుగు చెంచాలు, ఇలా. మాత్రకు వేరే చిన్న గడి. పక్కన ఖాళీ. తిన్నదీ లేనిదీ అక్కడ రాయాలి.

మొదటి రెండు నెలలు జైతున్ అన్ని గడుల్లో "అయింది" అని రాసింది. తల్లి మాక్ రపియా చేపను ఉడికించి, ముళ్ళు తీసి, గుడ్డలో వడకట్టి పెట్టేది. డెబ్బై రెండేళ్ళ మనిషి. కూతురి పళ్ళెం చూసి రోజూ ఒకటే మాట.

"పిల్లికి పెట్టినా ఇంతకంటే ఎక్కువ పెడతారే."

"పిల్లికి ఆపరేషన్ చేయలేదు కదా, మాక్."

జైతున్ తినేది. తిండి నోట్లో దూదిలా ఉండేది. అయినా తినేది. గడియారం చూసి మొదలుపెట్టి గడియారం చూసి ఆపేది.

ఏప్రిల్ 24న ఇపా కొడుకు నిశ్చితార్థం. వంటకు వాడంతా చేరింది. అలాంటి చోట ఉప్పు చూసేది ఎప్పుడూ జైతునే. గరిటెలోది అరచేతిలో వేసుకుని నాలుకతో చూసి "ఇంకో గుప్పెడు" అంటే అంతే. ఆ రోజు పదకొండింటికి ఎవరో ఆమెకు ఉడికించిన గుడ్డు ఇచ్చారు. పనిలో పడి నాలుగైదుసార్లు నమిలి మింగేసింది. గుడ్డు రొమ్ము కింద ఇరుక్కుంది. పావుగంట ఊపిరి సరిగా ఆడలేదు. తర్వాత కొబ్బరి తురుము గంపల పక్కన, ముప్పై మంది ఆడవాళ్ళ మధ్య, వాంతి చేసుకుంది.

మర్నాడు ఉదయం ఏడింటికి మాక్ రపియా గుడ్డు ముందు పెట్టింది. జైతున్ వేలి చివర గుడ్డుకు తాకించి, ఆ వేలు పెదవికి తాకించుకుంది. పళ్ళెం పక్కకు జరిపింది.

దాన్ని ఆ ఒడ్డున జమాహ్ అంటారు. ఎవరైనా తిండి పెడితే, కాఫీ ఇస్తే, వద్దని ఊరికే లేచి పోకూడదు. పోతే కెంపునాన్ పట్టుకుంటుంది: పాము కరుస్తుంది, లారీ గుద్దుతుంది, నదిలో ఏదో ఒకటి కాచుకుని ఉంటుంది. తినే వీలు లేకపోతే వేలితో ముట్టుకుని పెదవికి రాసుకుంటే చాలు. పెట్టినవాళ్ళకు పెట్టినట్టే, నీకు అందినట్టే. మాక్ రపియా తమ్ముడు బుజాంగ్ ఒకరోజు వలలు లాగాలన్న తొందరలో ఎదురింటివాళ్ళ కాఫీ ముట్టుకోకుండా వెళ్ళాడు. మూడో రోజు నది మలుపులో దొరికాడు. మొసలి సగమే తిన్నది. ఆ ఇంట్లో జమాహ్ గురించి ఎవరూ పరాచికాలాడరు.

అందుకని జైతున్ గుడ్డును జమాహ్ చేస్తే తల్లి పళ్ళెం తీసుకెళ్ళిపోయింది. జైతున్ కాగితం తీసి, ఏడింటి గడిలో, ఇదివరకు "అయింది" అని రాసే చోట, "జమాహ్" అని రాసింది. అదే నిజం. కాగితంలో ఆమె ఒక్క అబద్ధం కూడా రాయలేదు.

తర్వాత మాత్ర. తుప్పు వాసన. నాలుక మీద పెట్టుకుంది. తీసి కిటికీలోంచి పారేసింది. మాత్ర గడిలో కూడా జమాహ్ అని రాసింది.

ఆకలి లేదు. నీరసం ఉంటే తియ్యటి టీ తాగేది, రోజుకు నాలుగు గ్లాసులు. క్యాంటీనులో పిల్లల గంజి మిగిలితే ఒకటి రెండు చెంచాలు. టీకీ గంజికీ కాగితంలో గడి లేదు. రాయలేదు.

మే 17న ఉపవాసాలు మొదలయ్యాయి. ఆమెకు ఉపవాసం వద్దని డాక్టర్లు ముందే చెప్పారు. కానీ ఊరంతా నోరు కట్టుకున్న పగటి పూట ఆరుసార్లు పళ్ళెం ముందు కూర్చోవాలి. తలుపు వేసుకుని కూర్చునేది. బయట బోల్‌హసాన్ దగ్గాడంటే సిగ్గేసేది. వేలు తాకించి, రాసి, తలుపు తీసేది.

మే 22న మూడు నెలల పరీక్షకు వెళ్ళింది. తూకం తొంభై రెండు. ఇజ్జాతి కాగితాలన్నీ తిరగేసింది.

"అల్‌హమ్‌దులిల్లాహ్. ఒక్క గడి ఖాళీ లేదు. వాంతులు?"

"మొన్నొకసారి అయింది. ఇప్పుడు లేవు."

ఇప్పుడు లేవన్నదీ నిజమే. ఇజ్జాతి ఆమెను అడిగి, ఒక కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంది. మిగతావాళ్ళకు చూపించడానికి.

జూన్ 15న ఉపవాసాలు ముగిసి హరి రాయా. పది రోజులు ఇంటింటికీ తిరగాలి. జైతున్ ఇరవై ఇళ్ళు తిరిగింది. ప్రతి ఇంట్లో బల్ల మీద పొరల కేకులు పది రకాలు, ఆకుల్లో ఉడికించిన కెతుపాట్ అన్నం, రెండాంగ్ మాంసం, రంగు షర్బతు. ప్రతి ఇంట్లో పళ్ళెం అంచున వేలు పెట్టి పెదవికి రాసుకుంది.

"అమ్మో తున్, నదిగాలి గట్టిగా వీస్తే బజారు ఒడ్డున తేలతావే! మీ ఆయనకు పడవ కూడా అక్కర్లేదు," అన్నారొకరు.

"ఇలాగే నాకూ పొట్ట కోయించండి. ఎంత పట్టుదలో చూడు, పొరల కేకు ముందు కూర్చుని కూడా జమాహే చేస్తోంది," అన్నారింకొకరు.

ఆ ఇళ్ళల్లోనే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఒంటి చెప్పుతో వచ్చింది. ఆ ఇంటి కోడలు చూసి చెప్పేదాకా తెలియలేదు. అందరూ నవ్వారు. జైతున్ కూడా నవ్వింది. రెండో చెప్పు వెతకడానికి ఒక కుర్రాడిని పంపారు. ఆమె పాదాలను చూసుకుంది. ఎవరో తన కింద పెట్టి మరిచిపోయిన వస్తువుల్లా ఉన్నాయి. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

*

కాగితాల సంచి బుధవారం మధ్యాహ్నం వార్డుకు చేరింది. డాక్టర్ తియోంగ్ పైపైన చూసింది. ఇజ్జాతికి ఫోన్ చేసింది. ఇజ్జాతి, ఈమె తిండి విషయంలో అనుమానం అక్కర్లేదని చెప్పింది. రక్తం తీసి విటమిన్ల పరీక్షకు పంపారు. దాని ఫలితం రావడానికి పది రోజులు పైన పడుతుంది. వెన్నెముక స్కానింగుకు శుక్రవారం వేశారు. బుధవారం రాత్రికి మొద్దుబారడం మోకాళ్ళ పైకి పాకింది.

గురువారం ఉదయం పదిన్నరకు ఇజ్జాతి వార్డుకు వచ్చింది. డాక్టర్ తియోంగ్ మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. మాక్ రపియా స్టూలు మీద క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జైతున్ పైకప్పు చూస్తోంది.

ఇజ్జాతి ఒక కాగితం తీసి గట్టిగా చదివింది.

"జూన్ 16. ఏడింటికి గుడ్డు, జమాహ్. పదింటికి పాలు, జమాహ్. ఒంటిగంటకు చేప, జమాహ్. పండగ మర్నాడు కూడా, డాక్టర్. ఒక్క పూట తప్పలేదు."

"ఎవరి సంగతి?" అంది మాక్ రపియా.

"మీ అమ్మాయి సంగతే, మాక్ చిక్. ఎంత చక్కగా తిందో చెప్తున్నా."

"ఇది తిందా? పండగ మర్నాడా? అదేం తింది నా మొహం! పొద్దున గుడ్డు జమాహ్ చేసి బయల్దేరింది. ఆరిళ్ళు తిరిగి ఆరిళ్ళల్లోనూ జమాహ్ చేసొచ్చింది."

"నేనూ అదే అంటున్నాను. జమాహ్ చేసింది."

"ఆ. జమాహ్ చేసింది."

"అదే కదా, మాక్ చిక్."

"అదేనమ్మా."

డాక్టర్ తియోంగ్ ఇద్దరినీ చూసింది.

"ఇజ్జాతి, మీ ఊళ్ళో జమాహ్ అంటే ఏంటి?"

"భోజనం చేయడం, డాక్టర్. మర్యాదగా అనే మాట. చుట్టాలొస్తే, లేవండి, జమాహ్ చేయండి అంటాం. అంటే వడ్డించింది తినమని."

"మాక్ చిక్, మీ ఊళ్ళో?"

మాక్ రపియా ఈ ప్రశ్న ఎందుకో అర్థం కానట్టు చూసింది. క్యారియరు మూత తీసి, పైగిన్నెలోని గంజికి వేలి చివర తాకించి, పెదవికి రాసుకుంది. మూత పెట్టేసింది.

"ఇదీ. ఇంకేముంది?"

ఇజ్జాతి చేతిలోని కాగితం కిందికి దిగింది. మంచం దగ్గరికి వచ్చింది.

"కాక్ తున్. గుడ్డు?"

జైతున్ చూపుడువేలు ఎత్తి చూపించింది.

"పాలు?"

"పెదవి తడుపుకున్నాను."

"చేప? టోఫు?"

"అన్నీ అంతే, చిక్ ఇజ్జాతి."

"మాత్ర?"

"నాలుక మీద పెట్టుకుని తీసేశాను."

"రోజూనా?"

"రోజూ. రాశాను కదా."

ఇజ్జాతి కాగితాలు వెనక్కి తిప్పుతూ పోయింది. "అయింది" అన్న మాట ఏప్రిల్ 24 దగ్గర ఆగిపోయింది. 25 నుంచి జమాహ్. ఏప్రిల్ 25 నుంచి జూన్ 26 దాకా అరవై మూడు రోజులు. రోజుకు ఆరు గడులు. మూడు వందల డెబ్బై ఎనిమిది చోట్ల ఒకే చేతిరాతతో ఒకే మాట ఉంది, మాత్రల గడులు కాక.

"మాట మారినప్పుడు నేను అడగాల్సింది," అంది ఇజ్జాతి.

"మీ తప్పేముంది, చిక్. నేను గుండ్రంగా రాశాను. చదవడానికి బాగానే ఉంది."

ఇజ్జాతి కారిడార్లోకి వెళ్ళింది. డాక్టర్ తియోంగ్ అప్పటికే నర్సుతో మాట్లాడుతోంది. బి1 విటమిన్ పెద్ద మోతాదులో రక్తనాళంలోకి, రోజుకు మూడుసార్లు, రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా, ఇప్పుడే. పదకొండూ ఇరవైకి మొదటి సీసా తగిలించారు. మరి ఏం తాగి నిలబడ్డారని అడిగితే జైతున్ తియ్యటి టీ సంగతి చెప్పింది. అన్నం లేకపోయినా టీలో చక్కెర మీద ఒళ్ళు నడిచిందని, ఆ చక్కెరను అరిగించుకోవడానికే ఒంట్లో ఉన్న కాస్త బి1 ఖర్చయిపోయిందని డాక్టర్ మాక్ రపియాకు చెప్పింది.

"పంచదార ఎక్కువైందని నేను ముందే అన్నాను," అంది మాక్ రపియా. ఆమె అనలేదు.

బోల్‌హసాన్ ఒంటిగంటకు వచ్చాడు. విషయం విని మంచం అంచున కూర్చున్నాడు.

"రెండు నెలలు నీ ఎదురుగా కూర్చుని తిన్నాను. నేనూ చూళ్ళేదు."

"నువ్వు టీవీ చూస్తావు కదా, బాంగ్."

"డాక్టర్, మెట్లెక్కుతుందా?"

"ఇప్పుడు చెప్పలేను," అంది డాక్టర్ తియోంగ్. "కొందరికి వారాల్లో తిరిగొస్తుంది. కొందరికి ఏడాది. కొందరికి కొంతే వస్తుంది. మందు సగం పని. మిగతా సగం ఆవిడ తినాలి."

జైతున్ ఆ మాట విన్నది. తన గురించి అన్నట్టు అనిపించలేదు. కిటికీ అవతల ఎవరో కారును వెనక్కి తీస్తున్నారు. ఆ కారు కూతను వింటూ పడుకుంది.

*

శుక్రవారం నుంచి ఇజ్జాతి రోజుకు రెండు పూటలు మంచం దగ్గరికి వచ్చింది. కొత్త కాగితం తెచ్చింది. అందులో అచ్చు మాటలు లేవు. టైము, చెంచాలు, నిమిషాలు, మూడూ అంకెలే. తనే రాసేది.

మొదటి రోజు గంజిలో కలిపిన గుడ్డుసొన. రెండు చెంచాలు, ఇరవై ఆరు నిమిషాలు. మూడో చెంచాకు జైతున్ తల తిప్పేసుకుంది.

"నిండిందా? లేకపోతే భయమా?"

"తేడా తెలీట్లేదు, చిక్."

"సరే, రెండు." రాసింది. "ఒంటిగంటకు మళ్ళీ వస్తా."

మాత్ర బదులు చుక్కల మందు ఇచ్చారు. దానికి నారింజ వాసన. మింగింది. నర్సు నోరు తెరిపించి చూసింది. జైతున్ చిన్నపిల్లలా నాలుక చాపి చూపించింది.

శనివారం పక్క మంచం ముసలావిడ ఇంటి నుంచి పొరల కేకు వచ్చింది. ఆవిడ డబ్బా తెరిచి అందరికీ చాపింది. జైతున్ వేలు తాకించి పెదవికి రాసుకుంది. తలెత్తితే ఇజ్జాతి చూస్తోంది. మాక్ రపియాయే అంది.

"ముట్టుకోవడం ఊరివాళ్ళ తిండికే. నీ పళ్ళెంలోది నువ్వు ముట్టుకుంటే ఎవరికే అందేది? తిను."

"రెండు నెలలు చూస్తూ ఊరుకుని ఇప్పుడంటావేం, మాక్?"

"సన్నబడుతున్నావు కదా, అదే కాబోసు అనుకున్నా. అందుకే కదా కోయించుకుంది."

ఆదివారం మూడు చెంచాలు. సోమవారం నాలుగు, ఒకసారి వాంతి. వాంతి అయిందని జైతున్ తనంత తానే చెప్పింది. ఇజ్జాతి అదీ రాసి, చేపను ఇంకా మెత్తగా చేయించింది. మంగళవారం ఐదు. జూలై 4న జైతున్ సగం గుడ్డు ముప్పై ఎనిమిది నిమిషాల్లో తిన్నది. రుచి తెలిసిందా అని అడిగితే, ఉప్పు తక్కువైందని చెప్పింది.

అదే రోజు సాయంత్రం కాళ్ళలో మంట మొదలైంది. మొదట మోకాళ్ళ కింద, తర్వాత పిక్కల్లో. చీమలు కుట్టినట్టు, మిరపకాయ రాసినట్టు. రెండు నెలల్లో ఆమె కాళ్ళ గురించి ఫిర్యాదు చేయడం అదే మొదటిసారి.

"మంచిదే," అంది డాక్టర్ తియోంగ్.

"మీకు మంచిదేలెండి," అంది జైతున్.

వ్యాయామం చేయించేవాడి పేరు లింగి, ఇబాన్ తెగ మనిషి. ఉదయం తొమ్మిదింటికి వచ్చి ఆమెను మంచం అంచున కూర్చోబెట్టేవాడు, చక్రాల నడక బండి ముందు పెట్టేవాడు.

"కాక్, కాళ్ళ వంక చూడండి. అవి మీకు చెప్పవు, మీరే చూసుకోవాలి. కుడి ఎక్కడుంది?"

"నేల మీద."

"ఎడమ?"

"దాని పక్కన."

"పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూలా ఉన్నాయి. విడదీయండి. ఒకటి ముందుకు."

జూలై 5న మూడు అడుగులు వేసింది. 7న ఆరు. 8న ఆదివారం, లింగి రాలేదు. బోల్‌హసాన్ బండి పట్టుకుని తనే నడిపిస్తానన్నాడు, నర్సు ఒప్పుకోలేదు. అతను ఆ పూట పడవ కట్టేసి మంచం పక్కనే కూర్చున్నాడు. ఇంటి మెట్ల పక్కన పట్టుకోవడానికి కర్ర కట్టించానని చెప్పాడు. తొమ్మిది మెట్లకూ అంచున పసుపు రంగు వేయించాడు. జైతున్ ఎందుకని అడిగింది.

"కాలికి తెలీకపోతే కంటికి తెలుస్తుంది కదా."

జైతున్, రంగు ఆరిందా అని అడిగింది. ఆరలేదన్నాడు.

9వ తేదీన రక్తపరీక్ష ఫలితం వచ్చింది. బి1 ఉండాల్సిన కనీసంలో మూడో వంతు కూడా లేదు. షుగరు అదుపులో ఉంది. వెన్నెముక స్కానింగులో ఏమీ లేదు.

జూలై 10, మంగళవారం, తూకం ఎనభై. ఉదయం ఏడింటికి ఒక గుడ్డు, ముప్పై ఒక్క నిమిషాలు. పదింటికి పాలు అర కప్పు. తొమ్మిదిన్నరకు లింగి నడిపించాడు: మంచం నుంచి స్నానాల గది తలుపు దాకా పదకొండు అడుగులు, బండి పట్టుకుని. మెట్ల అభ్యాసం ఇంకా మొదలుపెట్టలేదు.

పదకొండింటికి డాక్టర్ తియోంగ్ వచ్చింది. కళ్ళు మూసుకోమని చెప్పి, ఇనుప కడ్డీని మంచం అంచుకు కొట్టి, పై నుంచి కిందికి పెడుతూ వచ్చింది. రెండు మోకాళ్ళూ, "తెలిసింది." రెండు పిక్కల ఎముకలూ, "తెలిసింది." ఎడమ చీలమండ దగ్గర జైతున్ కాసేపు ఆగి, "తెలిసింది," అంది. రెండు పాదాల వేళ్ళూ, లేదు. చివరికి మిగిలిన కుడి చీలమండ, "లేదు."

డాక్టర్ కడ్డీని ఇంకోసారి కొట్టి కుడి చీలమండ మీదే పెట్టింది, అది మోగడం ఆగేదాకా ఉంచింది.

"లేదు," అంది జైతున్.